సంద్రం కబుర్లు చెవిన పడాలంటే...

వానాకాలం చివర్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన వరంగల్లు ఇళ్ళల్లోకి కూడా ఒక వాక్యం వచ్చేస్తుంది. “మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని అధికారులు హెచ్చరించారు” అని. చిన్నప్పుడు రేడియోలో విన్నాం, ఆ తర్వాత టీవీలో, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో. వెనకాలే ఫలానా రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారన్న కబురు. ఆ హెచ్చరిక అవసరం కాదని ఎవరంటారు? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాది మంది పోయారు. అటువంటి రాత్రి మళ్ళీ రాకూడదనే ఈ జాగ్రత్తలన్నీ.

అయితే ఇన్నేళ్ళలో ఆ వాక్యానికి అవతలి వైపు నుంచి జవాబు ఎప్పుడైనా విన్నామా? వేటకు వెళ్ళొద్దన్న ఆ వారం రోజులూ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది, బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మే ఇల్లాలు ఏం అమ్మింది, పాతికేళ్ళ కిందట దొరికిన చేప ఇప్పుడు ఎందుకు దొరకడం లేదు? ఇవన్నీ వాళ్ళకు తెలిసిన సంగతులు. మనం వాళ్ళకు చెబుతూనే ఉన్నాం, వాళ్ళు చెప్పేది మాత్రం వినలేదు.

వినే సాధనం ఇప్పుడు మన చేతిసంచిలోనే ఉంది. దాని పేరు పాడ్‌కాస్ట్. పేరు విని కంగారు పడకండి. ఇంటర్నెట్‌లో పెట్టే రేడియో కార్యక్రమం అనుకోండి, సరిపోతుంది. ఆ మాట పుట్టింది 2004లో. రేడియోకీ దీనికీ ఒకటే తేడా. రేడియోలో కార్యక్రమం వచ్చే వేళకు మనం కూర్చోవాలి. ఇదైతే మనకు వీలు దొరికినప్పుడు, పప్పు ఏరుకుంటూనో బట్టలు మడత పెడుతూనో వినొచ్చు. మధ్యలో పాలవాడు పిలిస్తే ఆపి, వచ్చాక అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. చదువు రాకపోయినా వినొచ్చు. ఇంకా ముఖ్యమైనది, చదువు రాకపోయినా చేయొచ్చు కూడా.

చేపల వేట మీద, సముద్రాన్ని కాపాడుకోవడం మీద తెలుగులో ఆడవాళ్ళు నడిపే పాడ్‌కాస్ట్ ఒకటి మొదలుపెడితే ఎలా ఉంటుందన్నది ఈ వారం మాట.

అదేమిటి, ఓరుగల్లులో సముద్రమెక్కడిదీ అంటారా? ములుగు వైపు వాగుల నీళ్ళు గోదావరిలో పడతాయి. పాకాల దిక్కు నీళ్ళు మున్నేరు దారి పట్టి కృష్ణలో కలుస్తాయి. ఆ రెండు నదులూ చేరేది బంగాళాఖాతంలోకే. మనం మోరీలో పారేసిన పాలిథిన్ సంచి ఏ వరదకో కొట్టుకుపోతే దాని ఆఖరి మజిలీ కాకినాడ పక్కన కోరింగ మడ అడవులో, హంసలదీవి ఇసుకో. అంగడిలో మనం కొనే ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు మళ్ళీ అటునుంచి ఇటు వచ్చినవే. ఇక 2025 ఫిబ్రవరిలో ‘తండేల్’ సినిమా వచ్చాక శ్రీకాకుళం మత్స్యకారుల సంగతి మన పిల్లలకు కూడా కొంత తెలిసింది. గుజరాత్‌లోని వేరావల్ నుంచి పడవల మీద వేటకు వెళ్ళి, 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడి, 2020 జనవరిలో ఇల్లు చేరిన మనవాళ్ళ కథ దానికి ఆధారం. సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం, బాగానే ఉంది. కానీ సొంత తీరం వదిలి అంత దూరం ఎందుకు పోవలసి వచ్చింది అన్న ప్రశ్న రెండున్నర గంటల సినిమాలో ఇమిడేది కాదు. తీరిగ్గా కూర్చుని ఆ ఇళ్ళ ఆడవాళ్ళనే అడగాల్సిన ప్రశ్న అది.

మాచనూరులో ఏం జరిగింది

ఇలాంటి పని ఆడవాళ్ళ వల్ల అవుతుందా అని సందేహించే వాళ్ళకు జవాబు మన తెలంగాణలోనే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరు అనే ఊరు. 2008 అక్టోబరు 15న, అంటే అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం నాడు, అక్కడ ‘సంఘం రేడియో’ మొదలైంది. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో లైసెన్సుతో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అదే. నడిపింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు మీటల ముందు కూర్చుని, మైకు పట్టుకుని, అన్నీ తామే చూసుకున్నారు. వెనక నిలిచింది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ 2023లో కన్నుమూశారు. కొర్రలు, జొన్నలు, పాత విత్తనాల గురించి దేశమంతా మాట్లాడుకోక ముందే ఆ మహిళా సంఘాలు వాటిని దాచి ఉంచాయి.

అసలు చెప్పుకోవాల్సింది అంతకు ముందు పదేళ్ళ సంగతి. 1998 నాటికే అక్కడ యునెస్కో సాయంతో స్టూడియో ఏర్పాటైంది. గాలిలోకి వదలడానికి మాత్రం లైసెన్సు లేదు. ఆకాశ తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు కల్పిస్తూ ప్రభుత్వం విధానం తెచ్చేసరికి 2006 నవంబరు అయింది. అప్పటిదాకా ఆ ఆడవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేస్తూనే పోయారు. ఆ క్యాసెట్లను పట్టుకెళ్ళి సంఘాల మీటింగుల్లో వినిపించారు. విత్తనాల ముచ్చట్లు, భూమి సంగతులు, పురుళ్ళు, పాటలు, ఏ తెగులుకు ఏం చేయాలి అన్నీ వాళ్ళ యాసలోనే. పెద్ద రేడియోలో వచ్చే పట్నపు తెలుగు తమది కాదనే కదా వాళ్ళు సొంత రేడియో అడిగింది! 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ పి.బి. సావంతే 2008లో వచ్చి ఆ రేడియోను ప్రారంభించారు. ఇది విన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మాచనూరులో సముద్రం లేదు, అది మెట్ట నేల. అయినా మనకు కావలసిన పాఠమంతా అక్కడుంది. ఏం మాట్లాడాలో ఎవరికి వాళ్ళే తేల్చుకోవడం, సొంత యాస వదలకపోవడం, పర్మిషన్ వచ్చేదాకా పని ఆపకపోవడం. పాడ్‌కాస్ట్‌కైతే తరంగాల లైసెన్సుతో పనే లేదు. వాళ్ళు పదేళ్ళు ఎదురు చూసిన దాన్ని మనం పది నిమిషాల్లో అందుకోవచ్చు.

ఇక ఉప్పునీటి ఒడ్డునే కావాలంటే రామేశ్వరం పక్కన పాంబన్ ఉంది. 2016లో అక్కడ ‘కడల్ ఓసై’ అనే కమ్యూనిటీ రేడియో పెట్టారు. తమిళంలో కడలి ఘోష అని అర్థం. మత్స్యకారుల కోసం, మత్స్యకార కుటుంబాల వాళ్ళే నడిపే రేడియో. ఆ పక్క సముద్రంలోనే ఆడవాళ్ళు నీళ్ళలో మునిగి నాచు ఏరి అమ్ముకుంటారు. ఏడాది పొడుగునా ఎడాపెడా ఏరితే నాచు మిగలదని తెలుసుకుని, నెలలో కొన్ని రోజులే దిగాలని వాళ్ళలో వాళ్ళే కట్టుబాటు చేసుకున్నారు. వాళ్ళ తరఫున నిలబడ్డ లక్ష్మి అనే ఆమెకు 2015లో అమెరికాలోని సీకాలజీ సంస్థ బహుమతి ఇచ్చింది. ‘సముద్ర సంరక్షణ’ అన్న పెద్ద మాట వాడకుండానే ఆ పని చేసిన ఆడవాళ్ళు వీళ్ళు.

హైదరాబాదు నుంచి పడవకు

సముద్రం లేని ఊరు సముద్రంతో మాట్లాడడం వింతేమీ కాదు. హైదరాబాదులోని ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. ఉపగ్రహాల నుంచి వచ్చే సమాచారంతో సముద్రం పైపొరలో నీళ్ళు ఎక్కడ చల్లగా ఉన్నాయి, ఎక్కడ వెచ్చగా ఉన్నాయి, ఏ చోట పచ్చదనం ఎక్కువగా ఉంది అని అక్కడి శాస్త్రజ్ఞులు చూస్తారు. పచ్చదనం అంటే కంటికి ఆనని సన్నటి నీటి మొక్కలు. అవి ఉన్నచోటికి వాటిని తినే జీవాలు, వాటి వెనక చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు వస్తాయి. అలా చేపలు దొరికే చోట్లు గుర్తించి ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం పోవాలో తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో కబురు పంపుతారు. వెతుకులాట తగ్గి డీజిల్ మిగులుతుంది. పెద్ద అలలు వస్తాయన్న హెచ్చరిక, సునామీ హెచ్చరిక కూడా అక్కణ్ణుంచే.

మంచి పని, సందేహం లేదు. కానీ ఇదీ పైనుంచి కిందికి వచ్చే దారే. చేపలెక్కడున్నాయో అందరికీ ఒకేసారి తెలిస్తే పెద్ద ఇంజన్ల పడవలే ముందు చేరవూ? చిన్న తెప్ప వాడి గతేమిటి? ఒడ్డున ఉన్న ఆడవాళ్ళకు ఆ రోజు బేరం పెరిగిందా తగ్గిందా? ఈ ప్రశ్నలకు ఉపగ్రహం జవాబు చెప్పదు. మనుషులు చెప్పాలి. పాడ్‌కాస్ట్ కింది నుంచి పైకి పోయే దారి కావాలని నా కోరిక.

పుట్టింటికొచ్చిన ఆడపడుచు

మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి వేరావల్ కథే చెప్పాలి. మన శ్రీకాకుళం వాళ్ళు పనికి పోయే ఆ రేవులోనే ఒకప్పుడు వేల్ షార్క్‌లను వేటాడేవారు. షార్క్ అనగానే పళ్ళు గుర్తొస్తాయి గానీ ఇది సాధువు. ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది, ఆర్టీసీ బస్సంత ఉంటుంది, తినేది మాత్రం నీళ్ళలో తేలే సన్నటి జీవాలను. దాని కాలేయం నూనెను చెక్క పడవలకు పూసేవారు. తర్వాత మాంసానికి విదేశీ గిరాకీ వచ్చేసరికి వేట ఎక్కువైంది. మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ 2000లో ఆ ఘోరాన్ని లోకానికి చూపించింది. 2001లో దానికి వన్యప్రాణి చట్టం కింద పులికిచ్చినంత రక్షణ ఇచ్చారు.

చట్టం వచ్చింది సరే, నడిసముద్రంలో చట్టాన్ని చూసేదెవరు? అప్పుడు వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్ళు, గుజరాత్ అటవీ శాఖ, టాటా కెమికల్స్ కలిసి 2004లో ప్రచారం మొదలుపెట్టారు. రామకథ చెప్పే మొరారి బాపు దానికి గొంతు ఇచ్చారు. ఆయన జరిమానాల గురించి చెప్పలేదు. ఈ చేప మన తీరానికి వచ్చేది పురుడు పోసుకోవడానికి, పుట్టింటికి వచ్చే ఆడపిల్లలాగా అన్నారు. పురిటికి వచ్చిన ఆడపిల్లను ఎవరైనా చంపుకుంటారా? దానికి ‘వ్హాలీ’ అని పేరు పెట్టారు. ముద్దుల కూతురని చెప్పుకోవచ్చు. ఊళ్ళల్లో నాటకాలు ఆడారు. వలలో పడితే వలను కోసి వదిలేయడం మొదలైంది. కోసిన వలకు అటవీ శాఖ పరిహారం ఇచ్చింది. అలా వందల వేల్ షార్క్‌లు ప్రాణాలతో సముద్రంలోకి తిరిగి వెళ్ళాయి. పరిహారం లేకుండా మాట ఒక్కటే పని చేసేదని నేను అనను. కానీ పరిహారం కన్నా ముందు ఆ మాటే మనసుకు తగిలింది.

మన వైపు కూడా 2021లో విశాఖ దగ్గర తంతడి తీరానికి కొట్టుకొచ్చిన వేల్ షార్క్‌ను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. ఆ రోజు నీళ్ళలో దిగిన వాళ్ళ అనుభవం వాళ్ళ నోటనే వింటే ఎంత బాగుంటుంది!

మన తెలుగులో దీనికి సాటి మాట ఏది? నాకైతే తాబేలు గుర్తొస్తుంది. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు చలికాలం, ఎండాకాలం మొదట్లో రాత్రిపూట మన తీరాల మీదికి వచ్చి ఇసుకలో గొయ్యి తీసి ఒక్కొక్కటి నూరు దాకా గుడ్లు పెట్టి పోతాయి. తల్లి మళ్ళీ వెనక్కి చూడదు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొచ్చి నీళ్ళ వెలుగును బట్టి సముద్రం వైపు పాకుతాయి. ఒడ్డున హోటళ్ళ లైట్లు ఎక్కువైతే దారి తప్పి రోడ్డు మీదికి వస్తాయి. ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో తేలుతుందట. వేడెక్కిన కొద్దీ ఆడపిల్లలే ఎక్కువ! ఒడిశాలో ఋషికుల్య నదీ ముఖద్వారం దగ్గర 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయని లెక్క తేల్చారు. ఆ గంజాం తీరంలో మనలా తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఎన్నో. పూరీలోని పెంటకోట కూడా తెలుగు వాళ్ళ వాడే. వాళ్ళ తెలుగులో ఒడియా కలిసిపోయి వినసొంపుగా ఉంటుంది. మన పాడ్‌కాస్ట్‌లో ఆ తెలుగూ వినబడాలి.

ఏం మాట్లాడుకోవాలి?

విషయాలకు కొదవలేదు. ముందుగా వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. తెడ్లతో, తెరచాపతో నడిచే పడవలకు మినహాయింపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రెండు నెలలకు ఇచ్చే సాయం 2019 నుంచి 10 వేలు ఉండేది, 2025లో 20 వేలు చేశారు. అది వేటకు పోయే మనిషి పేరు మీద వస్తుంది. మరి ఆ చేపలను కొని, ఐసు వేసి, ఊళ్ళో అమ్మే ఆడమనిషికీ ఆ 61 రోజులు బేరం లేదే! ఆమె ఏ చిట్టీ ఎత్తింది, ఏ గొలుసు తాకట్టు పెట్టింది, ఎంత వడ్డీ కట్టింది? ఈ లెక్క ఏ ఆఫీసు ఫైలులోనూ సరిగ్గా ఉండదు. ఆమె వేలి కణుపుల మీద ఉంటుంది. మొదటి కార్యక్రమం దీని మీదే చేయాలని నా సలహా.

తర్వాత మన వంటింటి సంగతి. సన్న కన్ను వలలతో పిల్ల చేపలను కూడా ఊడ్చేస్తున్నారు. తినడానికి పనికిరానివన్నీ ఎండబెట్టి పొడి చేసి కోళ్ళకు, చెరువుల్లో రొయ్యలకు మేతగా పంపుతారు. పెరిగితే కిలో తూగేది గుప్పెడు పొడిగా పోతుంది. కేరళలో 2015లో ప్రభుత్వం కొన్ని చేపలకు కనీస కొలత పెట్టింది. మన కవ్వళ్ళ జాతి ఆయిల్ సార్డిన్ 10 సెంటీమీటర్లకు, కానాగంత 14 సెంటీమీటర్లకు తక్కువుంటే పట్టకూడదు. ఈ కొలత తెలిసిన ఇల్లాలు బజారులో వేలెడంత కానాగంతలు చూసి “ఇవి పిల్లలు, వద్దు” అనగలదు. అలా పదిమంది అంటే అమ్మే వాళ్ళు ఆలోచిస్తారు. తప్పు అమ్మే ఆమెదని కాదు సుమా! ఆమెకు పై నుంచి ఏది వస్తే అదే అమ్ముతుంది.

బాలింతలకు పాలు పడతాయని కోస్తాలో పాలసొర పెట్టే అలవాటుంది. సొర జాతులు చాలా ఆలస్యంగా ఈడుకు వస్తాయి, కనేది కొద్ది పిల్లలనే. అందుకని అవి తగ్గిపోతే మళ్ళీ పెరగడం కష్టం. పథ్యం మానమని ముఖం మీద చెబితే ఏ అత్తగారు ఊరుకుంటుంది? ఓ పెద్దావిడనూ, ఓ డాక్టరమ్మనూ, ఓ చేపల శాస్త్రం తెలిసిన మనిషినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

పులస గురించి చెప్పక తప్పదు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వానాకాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చినప్పుడు పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత. పుస్తెలు ఎవరివో, తినేది ముందుగా ఎవరో ఆ సామెత కట్టిన వాళ్ళు చెప్పలేదు! గుడ్లతో వచ్చిన దాన్ని గుడ్లతోనే వండుకుంటే వచ్చే ఏటికి ఏం మిగులుతుందన్నదీ చెప్పలేదు.

తగాదాలు కూడా దాచకూడదు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల విషయమై మత్స్యకార పల్లెల మధ్య పెద్ద గొడవై పడవలు తగలబడ్డాయి. రింగు వల వాడేవాళ్ళ అప్పులూ నిజమే, సంప్రదాయ వలల వాళ్ళ ఆకలీ నిజమే. ఒక్క పక్షాన్నే వినిపిస్తే మన పాడ్‌కాస్ట్ చెడుతుంది.

మన చెరువులను మరిచిపోతానా! పాకాల, రామప్ప, లక్నవరం ఒడ్డున ఉన్న గంగపుత్రులు, ముదిరాజుల ఆడవాళ్ళకు సముద్రపు వాళ్ళతో పోల్చుకోదగ్గ సంగతులు ఎన్నో ఉన్నాయి. 2016 నుంచి తెలంగాణ చెరువుల్లో సర్కారు ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకం మొదలైంది. బొచ్చె, రవ్వ పెరిగాయి సరే, పరకలు, జెల్లలు, వాలుగలు ఏమయ్యాయి? పాంబన్ నాచు ఏరే వాళ్ళ కట్టుబాటు గురించి పాకాల ఆమె వింటే, చెరువు కట్టుబాట్ల గురించి భీమిలి ఆమె వింటే, ఇద్దరికీ పనికొస్తుంది.

సరంజామా

కొనాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఫోనులో రికార్డరు ఉంటుంది. కొంగుకు తగిలించుకునే చిన్న మైకు కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఒడ్డున గాలి హోరు పెద్ద శత్రువు. మైకుకు స్పాంజి తొడుగు లేకపోతే మెత్తటి నూలుగుడ్డ చుట్టి, గాలికి వీపు పెట్టి కూర్చోండి. ఇంట్లో మీ మాటలు రికార్డు చేసేటప్పుడు బట్టల బీరువా తలుపులు తీసి దానికెదురుగా కూర్చుంటే చీరలు ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. స్టూడియో ఖర్చు మిగిలినట్టే. కుక్కరు విజిలు, ఫ్యాను చప్పుడు మాత్రం చూసుకోవాలి.

రికార్డు చేసింది కత్తిరించుకోవడానికి ఉచిత యాప్‌లు ఉన్నాయి. పదో తరగతి పిల్లవాడు ఒక్క సాయంత్రంలో నేర్పేస్తాడు. పదిహేను నిమిషాల మాటలు తక్కువ నాణ్యతలో, అంటే 64 కేబీపీఎస్‌లో, దాస్తే ఏడు ఎంబీ చిల్లర అవుతుంది. అంతకన్నా పెద్దది చేయకండి. స్పాటిఫై, యూట్యూబ్ లాంటి చోట్ల డబ్బు కట్టకుండా పెట్టొచ్చు. కానీ మనకు కావలసిన శ్రోతలు అక్కడ వెతుక్కుంటూ రారు. వాళ్ళ సంఘం వాట్సాప్ గ్రూపులోకే పంపాలి. మాచనూరు వాళ్ళు క్యాసెట్లు మోసుకెళ్ళినట్టన్నమాట.

అడగడంలోనే అసలు కిటుకుంది. “సముద్ర కాలుష్యంపై మీ అభిప్రాయం చెప్పండి” అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. “అక్కా, ఇయాళ పొద్దుగాల ఎన్నింటికి లేచినవ్? బుట్టల ఏమేం పడ్డయ్?” అని మొదలుపెడితే మాట అదే పారుతుంది. కోస్తాకు పోతే అక్కడి యాస మనం తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. మన యాస మనం, వాళ్ళ యాస వాళ్ళు. కథలు రాసే వాళ్ళకు ఒక దురలవాటు ఉంటుంది, ఎదుటి మనిషి మాటను కాస్త సవరిస్తే ఇంకా బాగుంటుందని చెయ్యి దురదపెడుతుంది. ఇక్కడ ఆ దురద పనికిరాదు. ఆమె ఆగినచోట ఆగనివ్వండి.

కొన్ని జాగ్రత్తలు గట్టిగానే చెబుతున్నా. తుఫాను హెచ్చరికలు, వాతావరణం కబుర్లు పాడ్‌కాస్ట్‌లో పెట్టకండి. ఈ వారం పెట్టింది ఎవరో వచ్చేవారం వింటారు, పాత కబురు నమ్మి పడవ దింపితే ప్రాణాల మీదికొస్తుంది. అది రేడియోకీ, అధికారుల మెసేజీలకే వదిలేయాలి. తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోటు ఫలానా అని చెప్పకండి, కుక్కలకన్నా ముందు మనుషులే పోతారు. అప్పుల సంగతి, ఇంటి గొడవల సంగతి చెప్పిన ఆమె పేరు, ఊరు వేయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. రికార్డు చేసింది ముందు ఆమెకు వినిపించి, తీసేయమన్నది మారు మాట్లాడకుండా తీసేయాలి. విశాఖ రేవు వంటి చోట నౌకాదళం పరిధి దగ్గర్లోనే ఉంటుంది గనుక అనుమతి అడిగాకే మైకు బయటికి తీయండి. ఇంకా, రోజు కూలి వదులుకుని మన ముందు కూర్చున్న మనిషికి ఆ గంట విలువ కట్టి ఇవ్వడం మర్యాద. కనీసం ఆమె బుట్టలో మిగిలిన చేపలైనా బేరమాడకుండా కొనుక్కోవాలి.

ఒక్కరే అన్నీ మీద వేసుకుంటే మూడో వారానికే నీరసం వస్తుంది. నలుగురు కలవండి. ఒకరు అడగడానికి, ఒకరు కత్తిరించడానికి, ఒకరు ఇన్‌కాయిస్ వాళ్ళనో మత్స్యశాఖ వాళ్ళనో అడిగి చెప్పినదాంట్లో నిజమెంతో సరిచూడడానికి, ఒకరు గ్రూపులకు పంపడానికి. నెలకు రెండు చేస్తే చాలు. మొదలుపెట్టక ముందే నాలుగు రికార్డు చేసి చేతిలో ఉంచుకోండి, పిల్లల పరీక్షలో పెళ్ళిళ్ళో అడ్డమొచ్చినా ఆగకుండా ఉంటుంది.

ఫిబ్రవరిలో మొదలుపెడితే తాబేళ్ళ కాలం చేతికందుతుంది. ఏప్రిల్ 15కు ముందు ఓసారి, మే నడిమధ్యలో ఓసారి అదే ఇంటికి వెళ్ళి, అదే ఆమెతో మాట్లాడి రెండూ పక్కపక్కన పెట్టండి. జూన్ 14 రాత్రికి వీలైతే ఏదో ఒక రేవులో ఉండండి. డ్రమ్ములకెత్తిన డీజిలు, గోనెసంచుల్లో ఐసు, రెండు నెలలుగా మూగబోయిన ఇంజన్లు, ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళ మాటలు. ఫోను పూర్తిగా ఛార్జి చేసుకుని వెళ్ళండి.